తాత సాదా బైనామా, హైమన్‌డార్ఫ్ పుస్తకం

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. తాతది. ఆయన పోయాక చాలా ఏళ్ళు దాన్నెవరూ ముట్టుకోలేదు. ఇల్లు రంగులు వేయిస్తూ అటకమీది సామాను దించినప్పుడు తెరిచాను. రజాకార్ల నాటి రెండు రసీదులు, ఒక విరిగిన కళ్ళద్దాల జత, కిరాణా దుకాణం ఖాతా పుస్తకాలు నాలుగు. వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం ఒకటి. మడతల దగ్గర చీకిపోయి, విప్పుతుంటే ముక్కలవుతుందేమోనని భయమేసింది.

అది సాదా బైనామా, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకునే అమ్మకం పత్రం. 1968లో రాసింది. ఉట్నూరు దగ్గరి ఒక ఊళ్ళో ఏడెకరాల నల్లరేగడి చేను, నాలుగు వందల యాభై రూపాయలకు. అందులో రెండు వందల చిల్లర 'పాత బాకీ కింద జమ'. సాక్షులిద్దరూ మా చుట్టాలే. కింద ఊదా రంగు సిరాతో ఒక వేలిముద్ర. బాగా ఒత్తి వేసినట్టుంది, గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మచ్చలా అయింది. దాని పక్కన ఎవరో గుండ్రటి అక్షరాలతో 'భీము గోండు నిశాని' అని, అంటే అతని వేలిముద్ర అని, రాశారు.

ఆ కాగితం దొరికే నాటికి నేను హైమన్‌డార్ఫ్ పుస్తకం ఒకటి సగం దాకా చదివి ఉన్నాను. మా జిల్లా గోండుల మధ్య ఉండి వాళ్ళ గురించి రాసిన ఆంత్రోపాలజిస్టు, అంటే మానవశాస్త్రవేత్త, ఆయన. 1982లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ వేసిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అందులో ఆదిలాబాద్ గోండుల భూములు ఎట్లా చేయి మారాయో చెప్పే అధ్యాయం ఉంది. బాకీ, వడ్డీ, తెల్లకాగితం, వేలిముద్ర, ఆ తర్వాత చేనులో కొత్త మనిషి. మా తాత పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు, కానీ ఆ పేజీలు చదువుతుంటే ఆయన దుకాణంలో పసుపు, కిరసనాయిలు కలిసిన వాసన నాకు తగిలింది.

కాబట్టి ఈ వ్యాసం నేను పక్కన నిలబడి రాస్తున్నది కాదు. ముందే చెప్పేస్తే మంచిది.

*

మా జిల్లాలో హైమన్‌డార్ఫ్ పేరు తెలియని వాళ్ళు తక్కువ. మేం చదువుకునేటప్పుడు సార్లు 'గిరిజనుల పాలిట దేవుడు' అని చెప్పేవాళ్ళు. జైనూరు మండలం మార్లవాయిలో ఆయనవి, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌వి సమాధులున్నాయి. ఆమె 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోయింది. కోరిక ప్రకారం మార్లవాయికి తెచ్చారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన చితాభస్మం కూడా ఆమె పక్కకే వచ్చింది. ఏటా జనవరి 11న అక్కడ వర్ధంతి జరుపుతారు. పూలదండలు, ఉపన్యాసాలు, అధికారులు, భోజనాలు.

నాకు దండల మీద పేచీ లేదు. మార్లవాయి వాళ్ళకు ఆయన ఇంటి మనిషి, వాళ్ళ ఇష్టం. పేచీ అంతా మన తెలుగు పేపర్లతో, మన ఉపన్యాసాలతో. ఏటా ఆ రోజు వచ్చే ఐటమ్ చూడండి: ఎక్కడో యూరప్‌లో పుట్టాడు, ఇక్కడికొచ్చాడు, గోండుల్లో కలిసిపోయాడు, బడి పెట్టాడు, పట్టాలిప్పించాడు, అడవి బిడ్డల గుండెల్లో నిలిచిపోయాడు. అంతే, కథ అయిపోయింది. ఇప్పించిన ఆ పట్టాలు తర్వాత ఏమయ్యాయన్న ప్రశ్నే రాదు. వస్తే మా తాత లాంటి వాళ్ళ పేర్లు చెప్పాల్సి వస్తుంది కదా.

ఆ ప్రశ్న అడిగినవాడు హైమన్‌డార్ఫే. 67 ఏళ్ళ వయసులో, రిటైరయ్యాక, మళ్ళీ అవే ఊళ్ళ చుట్టూ తిరిగి అడిగాడు. ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని అదేనని నా వాదన. 1940ల్లో చేసింది కూడా దాని తర్వాతే.

*

మనిషి 1909లో వియన్నాలో పుట్టాడు. ప్రభువంశం, పేరులోనే ఆ 'వాన్' ఉంది. వియన్నా యూనివర్సిటీలో చదివి 1931లో డాక్టరేట్ తీసుకున్నాడు. థీసిస్ దేనిమీదంటే అస్సాం కొండల్లో, వాయవ్య బర్మాలో ఉండే తెగల సమాజ నిర్మాణం మీద. అప్పటికి ఆయన ఇండియాలో అడుగు పెట్టలేదు. లైబ్రరీలో కూర్చుని రాశాడు. ఇప్పుడు మనవాళ్ళు కొందరు వారం రోజులు తండాలో తిరిగి పీహెచ్‌డీ కానిచ్చేస్తున్నారని మనం ఎగతాళి చేస్తాం గానీ, వియన్నాలో ఆ వారం కూడా అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద లండన్ వచ్చి పేరున్న ఆంత్రోపాలజిస్టు మాలినోస్కీ సెమినార్లో కూర్చున్నాడు. ఊళ్ళో మకాం వేసి, భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి చూడాలని మాలినోస్కీ పట్టుబట్టేవాడు. 1936లో కుర్రాడు నాగా కొండలు ఎక్కాడు. కొన్యాక్ నాగాల దగ్గర ఏడాదికి పైగా ఉన్నాడు. అక్కడ జె.పి. మిల్స్ అనే బ్రిటిష్ అధికారితో కలిసి పాంగ్షా మీదికి వెళ్ళిన సర్కారు దండుతో కూడా నడిచాడు. అంటే ఊరి మీదికి శిక్షగా పోయే సైన్యం వెంట నోట్‌బుక్కుతో ఒక పరిశోధకుడు. దీన్ని దాచకూడదు. ఆయన వృత్తి మొదటి నుంచీ సర్కారు నీడలోనే సాగింది, మా జిల్లాలో కూడా అంతే.

1938లో బెట్టీ బర్నార్డోని పెళ్ళి చేసుకున్నాడు. 1939లో ఇద్దరూ మళ్ళీ ఇండియా వచ్చారు. అంతలో యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాని హిట్లర్ అప్పటికే మింగేశాడు కాబట్టి ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. నాగా కొండలకు పోవడానికి వీల్లేదు, సరిహద్దు ప్రాంతం. చివరికి నిజాం రాజ్యంలో ఉండు, హద్దు దాటకు అన్నారు.

ఇది తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద ఈ రోజుకీ అందరూ ఎత్తి చూసే మూడు పెద్ద పుస్తకాలు ఉన్నాయంటే కారణం ఒక మనిషిని బయటికి పోనివ్వకపోవడమే. ప్రాజెక్టు ప్రపోజల్ రాసి, గ్రాంటు తెచ్చుకుని వచ్చినవాడైతే ఏడాదికి సర్దుకుని పోయేవాడు. ఈయనకు పోయే దారి లేదు. 1940లో అమ్రాబాద్ గుట్టల మీద చెంచు పెంటల్లో, అంటే వాళ్ళ చిన్న పల్లెల్లో, ఉన్నాడు. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికే మనుషులతో పాటు మకాం మార్చుకుంటూ తిరిగాడు. తర్వాత గోదావరి ఇరుకులో, పాపికొండల్లో కొండరెడ్ల దగ్గరికి వెళ్ళాడు. కలప కాంట్రాక్టర్లు వాళ్ళను ఎట్లా పిండుతున్నారో అక్కడే కళ్ళారా చూశాడు. పోడు కొట్టుకుని స్వేచ్ఛగా బతికినవాళ్ళు వెదురు నరికే కూలీలుగా మారడం ఆ పుస్తకానికి అసలు విషయం. 1945లో వచ్చింది. ఆ కొండల కింది ఊళ్ళు ఇప్పుడు పోలవరం నీళ్ళలోకి పోతున్నాయి. ఆయన రాసిపెట్టిన ఆ ఊళ్ళ పేర్లు పుస్తకంలో మిగులుతాయి, అంతే.

*

ఇక ఆదిలాబాద్. ఇక్కడ కాస్త ఆగాలి.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీంని, ఆయనతో ఉన్నవాళ్ళను నిజాం పోలీసులు కాల్చి చంపారు. అడవిని రిజర్వు చేస్తూ గీతలు గీసి, గుడిసెలు కాల్చి, చేన్లలోంచి వెళ్ళగొడుతుంటే పన్నెండు ఊళ్ళ కోసం నిలబడినవాడు భీం. కాల్పుల తర్వాత సర్కారుకు బెంగ పట్టుకుంది. ఈ గోండులకు ఏం కావాలి, ఎందుకు తిరగబడ్డారు, మళ్ళీ తిరగబడతారా? తెలుసుకోవడానికి మనిషి కావాలి. రాజ్యంలోనే గోడ లోపల ఉన్న ఒక ఆంత్రోపాలజిస్టు కనిపించాడు.

మన కథల్లో ఈ వరస తలకిందులవుతుంది. భీం ఒక చోట, హైమన్‌డార్ఫ్ ఇంకో చోట, ఇద్దరికీ విడివిడిగా దండలు. కానీ భీం చావకపోయి ఉంటే ఒక శత్రుదేశపు పండితుడి మాట రెవెన్యూ శాఖ ఎందుకు వింటుంది? పట్టాలు ముందు భీం నెత్తురుతో వచ్చాయి, తర్వాత హైమన్‌డార్ఫ్ రిపోర్టుతో. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, ఆయన్ని తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. నాకైతే అట్లా అనిపించదు. భూమి, అడవి బాధలే ఆ తిరుగుబాటుకు మూలమని రాసింది ఆయనే.

మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. ఊరి పటేల్ లచ్చు పేరు ఆయన రాతల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. గోండీ నేర్చుకున్నాడు. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్ళని సగలు, అంటే వంశాల గుంపులు, ఉంటాయి. ఎవరు ఎవరికి పిల్లనివ్వాలి, ఎవరు ఎవరితో తినాలి, ఎవరి పెర్సపేన్ (వంశ దేవత) ఎక్కడ ఉంటుంది, అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. గోండుల కథలు పాడే పర్ధాన్లు కిక్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ రాత్రంతా పాడే కథల్ని కూర్చుని రాసుకున్నాడు. 1948లో వచ్చిన 'ద రాజ్‌గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'లో సగం బలం ఆ పర్ధాన్లదే.

1943లో మార్లవాయిలో టీచర్ల ట్రైనింగ్ కేంద్రం మొదలైంది. గోండు కుర్రాళ్ళనే పంతుళ్ళుగా తయారుచేసి ఊళ్ళకు పంపడం ఆలోచన. గోండీలో వాచకాలు కూడా వేశారు. పక్కనే భూమి పట్టాలు. అప్పటి రెవెన్యూ భాషలో లావణీ ఖాస్ అనేవాళ్ళు, గిరిజనుడికి ఉచితంగా ఇచ్చే పట్టా అది. వేల కుటుంబాలకు అట్లా అందాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టించింది కూడా ఆయనేనని ఆ జాతర జరిపే మెస్రం వంశం వాళ్ళు చెప్తారు. జాతరకు జనం ఎట్లాగూ వస్తారు, అధికారులు అక్కడికే పోయి అర్జీలు తీసుకోవాలని. దర్బారు ఇప్పటికీ జరుగుతుంది. పుష్య మాసం చలిలో, అర్జీలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళను నేను చూశాను. మైకులో ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటారు. సగం అర్జీలు భూమి గురించే.

మధ్యలో 1944లో అరుణాచల్ వైపు సుబన్‌సిరి లోయకు స్పెషల్ ఆఫీసరుగా పంపారు. అక్కడ అపతానీ తెగ మీద పని చేశాడు. తిరిగి వచ్చాక 1945 నుంచి 1949 దాకా నిజాం సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారు, ఉస్మానియాలో ఆంత్రోపాలజీ ప్రొఫెసర్. ఆయన లండన్ వెళ్ళిపోయాక ఉస్మానియాలో శ్యామాచరణ్ దూబే పాఠాలు చెప్పాడు, శామీర్‌పేట మీద పుస్తకం రాశాడు. అది ఇంకో రోజు.

బెట్టీ గురించి కూడా ఒక మాట. అన్ని చోట్లా ఆయనతో ఉన్నది, ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడింది, ఇంటి సర్దుబాటు చూసుకున్నది. 1958లో దక్షిణాసియా ఆంత్రోపాలజీ గ్రంథసూచి తయారుచేసింది, ఆ రంగంలో ఎవరికైనా అది లేకపోతే కష్టం. 1979లో వచ్చిన గోండుల పుస్తకం మీద ఆమె పేరు కూడా ఉంది. ఉద్యోగం, జీతం, ప్రొఫెసర్ కుర్చీ మాత్రం ఆయనకే. ఆ కాలంలో అంతే అని సరిపెట్టుకోవచ్చు. మార్లవాయి వాళ్ళు మాత్రం వర్ధంతికి ఆమె చనిపోయిన తేదీనే పెట్టుకున్నారు. లండన్ కన్నా వాళ్ళ లెక్కే సరిగ్గా ఉంది.

*

1949లో లండన్ యూనివర్సిటీలో ఆసియా, ఆఫ్రికా చదువులకు ఉన్న 'సోయాస్'లో లెక్చరర్‌గా చేరాడు. 1951లో ప్రొఫెసర్. పాతికేళ్ళు అక్కడే, డిపార్ట్‌మెంటు కట్టింది ఆయనే. నేపాల్ తలుపులు తెరుచుకున్నాక, 1953లో, వెళ్ళిన మొదటి వాళ్ళలో ఒకడు. షెర్పాల మీద 1964లో పుస్తకం వేశాడు. బంగాళాదుంప సాగు వచ్చి తిండి పెరిగి, జనాభా పెరిగి, దాంతో మఠాలు లేచాయని అందులో వాదించాడు. దానిమీద తర్వాతి వాళ్ళు చాలానే కొట్టుకున్నారు. మొత్తానికి గౌరవాలు, పదవులు, రాయల్ ఆంత్రోపలాజికల్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షత, అన్నీ వచ్చాయి. ఈ భాగం నాకంత ఆసక్తి లేదు, ఏ పెద్ద ప్రొఫెసర్ జీవితమైనా ఇట్లాగే ఉంటుంది.

ఒక విమర్శ మాత్రం చెప్పాలి. సిద్ధాంతం లేదు, వర్ణన మాత్రమే అని ఆయన తోటివాళ్ళే అన్నారు. నిజమే. ఆయన పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలు ఉండవు. ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎవరి దగ్గర ఎన్ని ఎడ్లు, ఏ పండక్కి ఏం వండారు, ఏ సాహుకారుకు ఎంత బాకీ, ఇదే ఉంటుంది. యూనివర్సిటీలో నాకు తెలిసిన ఒకాయన ఈ పుస్తకాల్ని 'గెజిట్' అని వెక్కిరించేవాడు. సిద్ధాంతం ఇరవై ఏళ్ళకు పాతబడుతుంది. 1942లో మార్లవాయిలో ఫలానా చేను ఫలానా వాడిదని రాసిపెట్టిన మాట మాత్రం, 1978లో అదే చేను దగ్గరికి వచ్చి నిలబడినప్పుడు, సాక్ష్యం అవుతుంది.

ఆయన అదే చేశాడు.

1976లో రిటైరయ్యాడు. లండన్‌లో తోట చూసుకుంటూ జ్ఞాపకాలు రాసుకోవచ్చు. ఆ పని తర్వాత చేశాడు కూడా, 1990లో ఆత్మకథ వచ్చింది. కానీ ముందు బెట్టీతో కలిసి మళ్ళీ ఆదిలాబాద్ వచ్చాడు. ఏడాది తర్వాత ఏడాది తిరిగాడు. పాత నోట్‌బుక్కులు పక్కన పెట్టుకుని పాత ఊళ్ళు చూశాడు. పట్టా ఇప్పించిన మనుషుల్లో చాలామంది ఆ చేన్లలోనే కూలీకి పోతున్నారు. కొందరు ఊరొదిలి అడవి లోపలికి జరిగిపోయారు. రోడ్డు పడ్డ చోటల్లా దుకాణం, దుకాణం పడ్డ చోటల్లా బాకీ, బాకీ ఉన్న చోటల్లా తెల్లకాగితం.

చట్టం లేక కాదు. 1949లోనే గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ ఉంది, నిజాం నాటి రెవెన్యూ సంవత్సరమైన ఫస్లీ లెక్కలో 1359. తర్వాత ఆంధ్ర వైపు చేసిన 1959 భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు. 1970లో దాన్ని ఇంకా బిగించి అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం తెచ్చారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే బాధ్యత పట్టుకున్నవాడిదే. ఇంత గట్టి చట్టం ఉండి కూడా చేన్లు కరిగిపోయాయి.

అంటే మా తాత 1968 కాగితం రాసిన రోజే చెల్లని కాగితం. రాసినవాడికీ తెలుసు, సాక్షులకూ తెలుసు. తెలియనిది వేలిముద్ర వేసినవాడికి ఒక్కడికే. 1970 తర్వాత తాత జాగ్రత్తపడి చేనును తన దగ్గర జీతగాడుగా ఉన్న ఒక కోలాం తెగ కుర్రాడి పేరున చూపించాడట. 1984లో ఇంకో గిరిజనేతరుడికి అమ్మేసి మంచిర్యాల వచ్చేశాడు. అదీ చెల్లదు. ఆ డబ్బుతో మా ఇల్లు లేచింది.

పుస్తకం 1982లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి గురించి సభ పెట్టుకోబోయిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది. హక్కుల సంఘాల లెక్క దానికి చాలా రెట్లు ఎక్కువ. భీం పోయి నలభై ఏళ్ళు. మధ్యలో ఒక నిపుణుడు వచ్చి, రిపోర్టు రాసి, పట్టాలిప్పించి, బడి పెట్టి, దర్బారు పెట్టించి పోయాక కూడా తుపాకీ అక్కడే ఉంది.

దీన్ని చూపించి హైమన్‌డార్ఫ్ పని విఫలమైందని అనేవాళ్ళున్నారు. సర్కారును నమ్ముకున్నాడు, పైనుంచి మంచి చేద్దామనుకున్నాడు, గోండుల్ని కాపాడాల్సిన పిల్లల్లా చూశాడు అంటారు. మూడింట్లోనూ నిజం ఉంది. మంచి కలెక్టరు ఉన్నంతకాలం నడిచే ఏర్పాటు మంచి కలెక్టరు బదిలీ అయ్యే రోజున కూలిపోతుంది. 1956లో జిల్లా తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది, బడి భాష తెలుగైంది. ఆ బడిలో చదువుకున్నవాడు నేను. నా పక్కన కూర్చున్న గోండు పిల్లవాడు మూడో తరగతి దాకా నోరు విప్పలేదు. మొద్దు అని మా సారు రోజూ తిట్టేవాడు. వాడికి తెలుగు రాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

కానీ విఫలమైందని మనకు చెప్పింది ఎవరు? ఆయనే. తన పేరు మీద ఉన్న మంచిని తనే విప్పి చూపించాడు. అది ఎంతమంది చేశారు? ఒక ఊరి మీద పుస్తకం రాసి, ప్రొఫెసర్ అయి, నలభై ఏళ్ళ తర్వాత అదే ఊరికి వెళ్ళి, నేను చేయించింది నిలవలేదు, ఇదిగో లెక్క అని అచ్చు వేసిన పండితులు నాకు ఎక్కువమంది తెలియదు. ఇప్పటి యూనివర్సిటీ పాయింట్ల లెక్కలో ఆ పనికి మార్కులు కూడా పడవు.

ఆయన రాసినదంతా సరైనదేనని నేను అనడం లేదు. బయటి నుంచి వచ్చినవాళ్ళు అన్నప్పుడు మరాఠీ రైతులు, మా లాంటి కరీంనగర్ వైపు తెలుగువాళ్ళు, లంబాడాలు అందరినీ ఒకే గాటన కట్టడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. దుకాణం పెట్టి వడ్డీకి ఇచ్చినవాడూ, కరువుకు తట్టుకోలేక బండి కట్టుకుని వచ్చినవాడూ ఒకటి కాదు. ఆ గొడవ ఇప్పటికీ మా జిల్లాలో మండుతూనే ఉంది, ఒక్క పేరాలో తేల్చే విషయం కాదు. మా తాత మాత్రం మొదటి రకమే.

*

బాపుకు కాగితం చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కొన్నది బిడ్డా. గుంజుకున్నది కాదు. పైసలిచ్చిన్రు."

"రెండు వందలు బాకీ కింద పట్టుకున్నరు కద బాపూ. బాకీ దేనిది?"

"ఉప్పు, బట్ట, నాగు జొన్నలు. వానకాలం తిండికి ఎవలిస్తరు వాళ్ళకు? మీ తాతే ఇచ్చేది."

నాగు అంటే కుంచం తీసుకుంటే పంటకు కుంచంన్నర కొలవాలి. ఆ మాట నేను అనలేదు. బాపుకు డెబ్బై దాటాయి, బీపీ ఉంది. ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు. వానాకాలంలో ఆ ఊళ్ళో అప్పిచ్చేది తాత ఒక్కడే. హైమన్‌డార్ఫ్ పేజీల్లో ఉన్నది కూడా అచ్చంగా అదే సంగతి. వేరే ఎవరూ ఇవ్వకపోవడమే సాహుకారి బలం.

తర్వాత డిసెంబర్‌లో నేను మార్లవాయి వెళ్ళాను. వర్ధంతికి కాదు, అప్పుడు జనం ఉంటారు, మాట్లాడటం కుదరదు. పత్తి ఏరే రోజులు. సమాధుల దగ్గర ఒక మేక తప్ప ఎవరూ లేరు. కాసేపటికి ఒక పెద్దాయన రుమాలు చుట్టుకుని వచ్చి 'రాం రాం' అన్నాడు. చిన్నప్పుడు దొరని చూశాడట, రెండోసారి వచ్చినప్పుడు. ఏం చేసేవాడని అడిగితే చాలాసేపు ఆలోచించి, "అడుగుతుండె సారూ. ఒకటే తీర్గ అడుగుతుండె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది.

ఫోన్లో బైనామా ఫొటో ఉంది. తీసి చూపించాను. ఊరి పేరు చెప్పాను. మా తాతది అని చెప్పడానికి గొంతు పెగల్లేదు, 'మా చుట్టాలది' అన్నాను. ఆయనకు చదువు రాదు, నేను చదివి వినిపించాను. ఏడెకరాలు, నాలుగు వందల యాభై, భీము గోండు నిశాని.

"భీము ఎవ్వరు?"

"గోండు అని రాసి ఉంది పెద్దాయనా."

"గోండు సరే. ఇంటిపేరేంది? ఆత్రమా, మడావా, కుమ్రా, మెస్రమా? సగ ఏది?"

మళ్ళీ చూశాను. మా సాక్షులిద్దరి ఇంటిపేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు అన్నీ పొందికగా ఉన్నాయి. చేనుకు నాలుగు దిక్కులా హద్దులున్నాయి, తూర్పున వాగు, పడమట ఇప్పచెట్టు. అమ్మినవాడికి ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు.

"రాయలేదు" అన్నాను.

"ఆ ఊర్ల భీములు శానామంది ఉండిరి" అని పెద్దాయన రుమాలు విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఇప్పచెట్టు అన్నవు కద. ఆ చెట్టు ఉన్నదేమో చూడు పో."

జైనూరు నుంచి సాయంత్రం బస్సు ఐదింటికి. ఆ ఊరు దారిలోనే పడుతుంది. దిగాను.